పుల్ల, కట్ట, మోపు

నేను చెప్పింది నూట ఐదు. ఆ పిల్ల నల్లబల్ల మీద రాసింది 1005.

మూడో తరగతి. రెండు జడలు, ఒక జడకు రిబ్బను ఊడిపోయి ఉంది. రాసి, సుద్దముక్కను గట్టిగా పట్టుకుని నా ముఖంలోకి చూసింది. తప్పయితే ఆ సంగతి టీచరు ముఖమే ముందు చెబుతుందని పిల్లలకు తెలుసు. నేను ముఖం మార్చలేదు. మిగిలిన నలుగురినీ పలకల మీద రాయమన్నాను. ముగ్గురు 1005 రాశారు. ఒకడు 15 రాశాడు.

నల్లగొండ జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లు పనిచేశాను. ఈ 1005ను ఎన్ని వందలసార్లు చూశానో లెక్కలేదు. వంద అంటే 100 అని నేర్పాం, ఐదు అంటే 5 అని నేర్పాం. రెండింటినీ పక్కపక్కన పెడితే 1005. ఆ పిల్ల మేం నేర్పింది నేర్పినట్టు, వినబడింది వినబడినట్టు రాసింది. అంకె ఏ చోట కూర్చుంటే ఆ విలువ వస్తుందన్న సంగతి చెవికి వినబడదు. అది ముందు చేతికి తెలియాలి. ఫిబ్రవరి చివర మహబూబాబాద్ జిల్లాలో నాలుగు రోజులు తిరిగి నేను చూసొచ్చింది ఇదొక్కటే: లెక్క పిల్లల చేతికి ఎక్కడ అందుతోంది, ఎక్కడ అందడం లేదు.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. భువనగిరి గుట్ట, ఆలేరు, జనగామ, కాజీపేట. వరంగల్ దాటాక మోదుగులు కనబడ్డాయి, ఆకు ఒక్కటీ లేకుండా ఒళ్లంతా పూసి. నెక్కొండ, కేసముద్రం వచ్చేసరికి పట్టాలకు అటూ ఇటూ కల్లాల్లో ఆరబోసిన మిరపకాయ. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ బండిలో దిగేవాళ్లెవరూ ఆ మాట అనరు, మానుకోట అంటారు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. అంతకుముందు వరంగల్ జిల్లాలోది.

స్టేషనుకు నా పాత సహోద్యోగి వచ్చింది. మేమిద్దరం ఒకే బడిలో ఎనిమిదేళ్లు పనిచేశాం. ఇప్పుడు మానుకోటలో స్థిరపడింది. “అక్కా, ముందు ఇంటికి పోదాం, తిన్నాక బడి” అంది. ముందు బడికే పోదామన్నాను.

అదే, 1005 రాసిన పిల్ల ఉన్న బడి. ఊరి చివర ఉంది, పేరు అక్కర్లేదు. హెడ్మాస్టరుగారు మంచి మనిషి, నన్ను ఆదరంగా కూర్చోబెట్టి బీరువా తెరిచి చూపించారు. లోపల మెరిసే వస్తువులు: థర్మకోల్ మీద రంగు కాగితం అంటించి చేసిన స్థానవిలువల పెట్టె, తిరిగే ముల్లుతో గడియారం, భిన్నాల చక్రం, గాజు పూసలు గుచ్చిన చట్రం. అన్నింటికీ పైన పాలిథిన్ కవరు. మండల స్థాయి బోధనోపకరణాల (టీఎల్‌ఎం) మేళాలో పెట్టి వచ్చారట. చాలా శ్రమపడి చేసినవి, చూస్తే తెలుస్తోంది.

“పిల్లలకు ఇస్తారా సార్?”

“ఇస్తే రెండు రోజుల్లో పాడుచేస్తరు మేడం. నేను చూపిస్తా, వాళ్లు చూస్తరు.”

ఆ మాటకు ఆయన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధనోపకరణాల కోసం టీచరుకు ఏటా 500 రూపాయలు వచ్చేవి. నేనూ థర్మకోలే కొన్నాను. నేనూ చార్టులు గీసి, అంచులకు బంగారు కాగితం అంటించి, పిల్లల చెయ్యి అందనంత ఎత్తున గోడకు వేలాడదీశాను. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, ఏపెప్ శిక్షణలో నాకు చెప్పింది ఇంకొకటి. 1980లలో మొదలై, బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ప్రాథమిక విద్యా పథకం అది. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, గుంపులుగా కూర్చోవాలి, వాళ్లు చేసినవే గోడకు ఎక్కాలి అని అందులో పదేపదే చెప్పారు. నోట్సు రాసుకున్నాను, ఇంటికొచ్చాను, ఏళ్లు గడిచాక థర్మకోల్ కొన్నాను. ఆ ఏళ్లలో నా దగ్గర 1005 రాస్తూనే పై తరగతికి వెళ్లిపోయిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లు నాకు ఇప్పటికీ గుర్తొస్తారు.

రెండో రోజు గూడూరు వైపు బస్సు. రోడ్డు దిగి ఆటోలో ఇంకొంచెం లోపలికి పోతే ఆ తండా. ఇళ్ల ముందు మిరప, డాబాల మీద మిరప. మిరప ఏరే కాలంలో బడికి పిల్లలు తగ్గుతారు. పెద్దవాళ్లు తెల్లవారకముందే చేలకు పోతే చిన్నవాళ్లను చూసుకోవడానికి అక్కలు ఇంట్లో ఆగిపోతారు. ఆ రోజు 34 మందిలో 23 మంది వచ్చారు. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. అరవై మంది లోపు ఉంటే ఇద్దరే అని 2009 విద్యాహక్కు చట్టం లెక్క. అందులో ఒకరు ఆ రోజు శిక్షణకు వెళ్లారు. ఒక్క సారు, ఐదు తరగతులు.

ఆ సారు వయసు యాభై ఏడో యాభై ఎనిమిదో. 1990లలో ఉమ్మడి వరంగల్ జిల్లాకు జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపెప్) వచ్చిన రోజుల్లో ఉద్యోగంలో చేరారట. వరండాలో ఆయన బీరువా నాకు కనబడింది: ఒక పాత వెదురు గంప. దాని నిండా కందికట్టె పుల్లలు, జానెడు పొడవున కోసినవి. పక్కన సైకిలు ట్యూబును ఉంగరాల్లా కోసిన రబ్బరు ముక్కలు. ఒక డబ్బాలో చింతగింజలు. ఇంతే.

పిల్లలు నాలుగు గుంపులుగా నేలమీద కూర్చున్నారు. ప్రతి గుంపులో చిన్నా పెద్దా కలిసి ఉన్నారు. ఐదో తరగతి పిల్ల తన గుంపులో ఒకటో తరగతి పిల్లాడి చేత పుల్లలు లెక్కపెట్టిస్తోంది. “ఏక్, ది, తీన్, చార్, పాంచ్...” అని వాడు తన ఇంటి భాషలో లెక్కపెడుతున్నాడు. పది కాగానే ఆ పిల్ల రబ్బరు ఉంగరం అందించింది. వాడు బిగించి “కట్ట!” అని అరిచాడు.

పది పుల్లలు ఒక కట్ట. పది కట్టలు కలిపి తాడుతో కడితే మోపు. పది మోపులైతే ఏమంటారని సారు ఒకసారి అడిగితే, పిల్లలే పేరు పెట్టారట: బండి. పుల్ల, కట్ట, మోపు, బండి. చేలో నుంచి కట్టె ఇంటికి వచ్చే దారి అదే. ఒకట్లు, పదులు, వందలు, వేలు అనే మాటలు ఆ తర్వాత వస్తాయి. అప్పటికి వాటికి చోటు సిద్ధంగా ఉంటుంది.

ఆ కట్టలు చూస్తుంటే నాకు మాంటిస్సోరి పూసలు గుర్తొచ్చాయి. విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల మన దేశంలోనే ఏళ్లపాటు ఉండిపోయింది. ఆమె పద్ధతిలో బంగారు పూసలు ఉంటాయి: ఒంటి పూస, పది పూసల కడ్డీ, నూరు పూసల పలక, వెయ్యి పూసల ఘనం. ఖరీదైన బడుల్లో ఆ పూసలను చూశాను. అందమైనవి, చెయ్యి పెట్టగానే బరువు తేడా తెలుస్తుంది. తండాలో కంది పుల్లలు చేసే పని కూడా సరిగ్గా అదే. పైగా ఒక మేలు ఉంది: పూసల కడ్డీ విడదు, పుల్లల కట్ట విడుతుంది.

ఆ మేలు ఎంత పెద్దదో తీసివేత దగ్గర చూశాను. 52లోంచి 17 తీసేయాలి. ఐదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టుకున్నారు. ఏడు పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. మూడో తరగతి పిల్లాడు ఒక్క క్షణం ఆగి, ఎవరూ చెప్పకుండానే ఒక కట్టకున్న రబ్బరు లాగేశాడు. పన్నెండు పుల్లలయ్యాయి. ఏడు పక్కన పెట్టాడు, ఒక కట్ట పక్కన పెట్టాడు. మూడు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయి. పలక మీద 35 అని రాశాడు.

“మనం అప్పు తెచ్చుకోవడం అంటాం గదా మేడం, నేను ఆ మాట ఇడిసిపెట్టిన” అన్నారు సారు. “ఒక యేడు ఒక పిలగాడు అడిగిండు: సార్, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకున్నం గదా, మళ్ల ఎప్పుడు కట్టాలె? ఆ యేడు వాళ్ల నాయిన మిరప తోటకు అప్పు తెచ్చిండు. ఆ పిలగానికి నేనేం చెప్పాలె? అప్పటి నుంచి కట్ట ఇప్పుడు అంటున్న. మన కట్టనే మనం ఇప్పుకుంటున్నం. అప్పు లేదు, కట్టుడు లేదు.”

నేను 31 ఏళ్లు ఆ అప్పు మాటే వాడాను. ఆ మాటలో తప్పుందని నాకు ఎన్నడూ తట్టలేదు. పదుల స్థానం నుంచి ఒకటి తీసుకుంటే అది పది ఒకట్లుగా మారుతుంది. ఎవరికీ బాకీ పడం. లెక్కలో లేని సంగతిని మాట ద్వారా పిల్లల తలలోకి ఎక్కించాం.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తండా పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీల గోర్ బోలి, బడిలో తెలుగు. అంకెల పేర్ల విషయంలో తెలుగు చాలా దయగల భాష. ఇరవై మూడు, నలభై ఏడు అన్నప్పుడు ముందు పదులు, తర్వాత ఒకట్లు, రాసే వరుసలోనే వినబడతాయి. పదకొండు, పన్నెండు దగ్గర ఒక్క చిక్కు, అది దాటితే దారి తిన్నగా ఉంటుంది. హిందీలో తేయీస్, సైంతాలీస్ అంటూ నూరు వరకు దాదాపు ప్రతి పేరూ విడిగా కంఠస్థం చేయాల్సిందే. ఆ సారు ఒకటో తరగతిలో పిల్లలను ఏ భాషలోనైనా లెక్కపెట్టనిస్తారు. కట్ట కట్టాక మాత్రం తెలుగులో చెప్పిస్తారు: రెండు కట్టలు మూడు పుల్లలు, ఇరవై మూడు. పిల్లలు ఆ అడుగు వేయడం నేను చూశాను. పుల్లలు లేకుండా ఆ అడుగు పడదు.

అయితే ఆట పెట్టగానే లెక్క వచ్చేస్తుందని అనుకుంటే అది భ్రమ. ఆ మాట సారే గట్టిగా అన్నారు. పుల్లలు కట్టి విప్పి గంట ఆడుకుని, ఏమీ నేర్చుకోకుండా ఇంటికి పోయే పిల్లలూ ఉంటారు. “ఆడినంక అడగాలె మేడం. ఏం చేసినవ్, ఎందుకు చేసినవ్ అని. వాడు నోటితోటి చెప్పాలె. చెప్పినంక రాయాలె. ఆడిచ్చి ఇడిసిపెడితే అది ఇంటర్వెల్.” ఆయన ప్రతి గుంపు దగ్గరా కూర్చుని అడిగిన ప్రశ్నలు నేను లెక్కపెట్టాను. పావుగంటలో 19 ప్రశ్నలు. జవాబు ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

మధ్యాహ్న భోజనం తర్వాత పెద్ద పిల్లలు వరండా బండల మీద సుద్దతో అష్టాచమ్మా గీశారు. ఐదు వరసలు, ఐదు నిలువులు, పాతిక గళ్లు. గవ్వలకు బదులు నాలుగు చింతగింజలు, రాయి మీద ఒక వైపు తెల్లగా అరగదీసినవి. నాలుగూ తెలుపు పడితే చమ్మ, నాలుగు. నాలుగూ నలుపు పడితే అష్ట, ఎనిమిది. మధ్యలోవి ఎన్ని తెల్లగా పడితే అన్ని. ఈ ఆట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాకు తెలియనిది, ఆ సారు పక్కన ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి వేసిన ప్రతి పందేనికీ గీత గీయించడం. ఐదో గీత అడ్డంగా. 40 పందేలకు ఎన్ని వచ్చాయో చూస్తే: ఒకటి 9 సార్లు, రెండు 16 సార్లు, మూడు 10 సార్లు, చమ్మ 2, అష్ట 3.

“రెండే ఎందుకు ఎక్కువ పడుతోంది?” అని అడిగారు. పిల్లలు చాలాసేపు గొడవపడ్డారు. చెయ్యి తిప్పడంలో ఉందన్నాడు ఒకడు. చివరికి ఐదో తరగతి అమ్మాయి గింజలను నేల మీద పేర్చి చూపించింది: నాలుగూ తెల్లగా పడటానికి ఒక్కటే దారి. రెండు తెల్లగా పడాలంటే ఈ రెండు కావచ్చు, ఈ రెండు కావచ్చు, ఈ రెండు కావచ్చు... ఆరు దారులు పేర్చింది. సంభావ్యత అనే మాట ఆ పిల్ల ఇంకా వినలేదు. అష్టాచమ్మా ఆడిన మా అమ్మమ్మ కూడా వినలేదు. కానీ రెండు పడితే ఏ కాయ జరపాలో, అష్ట కోసం ఎంతసేపు కాచుకోకూడదో అమ్మమ్మకు బాగా తెలుసు.

వచ్చేటప్పుడు సారు ఒక సంచి నా చేతికిచ్చారు. అందులో ఒక మోపు, కొన్ని విడి పుల్లలు, గుప్పెడు రబ్బరు ఉంగరాలు. “పట్టుకపోండి మేడం. కంది ఇంకా మస్తుగున్నది.”

మూడో రోజు పొద్దున కేసముద్రం మార్కెట్‌కు వెళ్లాం. అది నా పట్టుదల. ఈ పిల్లల ఇళ్లకు పెద్ద లెక్క వచ్చేది యార్డు నుంచే. బస్తాలు, కాంటా, హమాలీల కేకలు, తెరమీద ఇ-నామ్ ఆన్‌లైన్ మార్కెట్ ధరలు. ఒక రైతు పక్కన పదేళ్ల కొడుకు నిలబడి కాంటా మీద అంకెలు చదివి నాన్నకు చెబుతున్నాడు. ఆయన మనసులోనే కూడుతున్నాడు. లెక్క అయ్యాక చేతికొచ్చిన చీటీని తక్‌పట్టీ అంటారు. బరువు, ధర, హమాలీ, ఇతర ఖర్చులు, చివర రైతుకు రావలసింది. అయిదో తరగతి లెక్కల పుస్తకంలోని సగం అధ్యాయాలు ఆ చీటీ మీద ఉన్నాయి.

నాతో వచ్చిన ఆ పాత సహోద్యోగి తాను చివరిగా పనిచేసిన బడిలో ఈ తక్‌పట్టీనే పాఠంగా చేసిందట. బడిలో మిరప యార్డు పెట్టించింది. ఇసుక నింపిన సంచులు, స్ప్రింగు కాంటా, ఒకరు రైతు, ఒకరు వ్యాపారి, ఒకరు చీటీ రాసేవారు. ఆమె నాకు ఒక చీటీ చెప్పింది: మూడు బస్తాలు, 41, 39, 42 కిలోలు. మొత్తం 122. క్వింటాలుకు 12,000 అనుకుంటే కిలో 120. వచ్చేది 14,640. బస్తాకు 30 చొప్పున హమాలీ 90 పోతే 14,550. “గుణకారం తప్పు చేసే పిల్లలు కూడా ఈ చీటీలో తప్పు చేయరక్కా. వాళ్ల నాయిన పైసలు గదా” అంది. ఒకసారి ఒక పిల్లాడు ఇంటి తక్‌పట్టీని బడికి తెచ్చి కూడి, మొత్తంలో తేడా పట్టుకున్నాడట. తండ్రి మరునాడు వెళ్లి ఆ తేడా సరిచేయించుకున్నాడు. ఆమె అది చెబుతున్నప్పుడు గొంతు కొంచెం మారింది.

మధ్యాహ్నం ఇల్లందు వైపు వెళ్లే బస్సులో బయ్యారం. పెద్ద చెరువు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు మసకగా ఉంది. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువు. ఇక్కడి శాసనమే కాకతీయుల వంశక్రమం గురించి ముఖ్యమైన ఆధారం. ఇంత కట్టను ఏ కొలతతో వేసి ఉంటారు? జాన, మూర, బార. చెయ్యే కొలబద్ద.

ఆ ఊరి దగ్గరి బడిలో టీచరమ్మ చిన్నది, ఉద్యోగంలో చేరి కొద్ది కాలమే. తొలిమెట్టు శిక్షణ తీసుకుంది. 2022 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన ఆ కార్యక్రమం లక్ష్యం చదవడం, రాయడం, చిన్న లెక్కలు ప్రతి పిల్లకూ రావాలన్నది. ఆమె పిల్లలను చెరువు కట్ట మీదికి తీసుకొచ్చి ఒక తాడు పరిచింది. ఒక పిల్లాడు చేతులు బారచాపి కొలిచాడు: 20 బారలు. టీచరమ్మ తనే కొలిచింది: 14. “ఎవరిది కరెక్టు?” ఇద్దరిదీ కరెక్టేనన్నారు కొందరు. అయితే గుడ్డ కొనేటప్పుడు ఎవరి చెయ్యి పెట్టాలి? “పెద్దోళ్లది!” అన్నారు. “అమ్మేటోనిదైతే?” “చిన్నోళ్లది!” అప్పుడు మీటరు కర్ర బయటికి తీసింది. మీటరు ఎందుకు పుట్టిందో ఆ పిల్లలకు ఇక చెప్పనక్కరలేదు. ఆ తర్వాత గోడకు ఆనుకుని ఒకరి ఎత్తు, వాళ్ల బార పోల్చుకున్నారు. ఎవరి బార వాళ్ల ఎత్తుకు దాదాపు సమానమని తెలిసి, ప్రతి ఒక్కరూ నమ్మక మళ్లీ కొలుచుకున్నారు.

భిన్నాలకు ఆమె జొన్నరొట్టె తెప్పించింది. ఒక తల్లి ఇంటి నుంచి పంపింది. సగం చేస్తే అర, మళ్లీ సగం పావు, మళ్లీ సగం అరపావు. ముక్కలు చేతుల్లో పెట్టుకున్నాక కాగితం మీద 1/4, 1/8 రాసి ఏది పెద్దదని అడిగింది. కిరాణా కొట్టుకు పంపితే ఈ పిల్లల్లో ఒక్కరు కూడా పావుకిలోకు బదులు అరపావు తెచ్చుకోరు. అయినా ఐదారుగురు 1/8 పెద్దదన్నారు. ఎనిమిది పెద్దది కదా! అరపావు అనే మాట, చేతిలో ముక్క, కాగితం మీది 1/8 ఒకటేనని వాళ్లకు ఇంతవరకు ఎవరూ కలిపి చూపలేదు. ఆమె ముక్కను 1/8 పక్కన పెట్టించింది. ఒక పిల్ల చేతిలోని అరపావు ముక్కను, కాగితాన్ని మార్చి మార్చి చూసి, “ఎంతమందికి పంచితే అంత చిన్నగైతది” అంది. ఆ తర్వాత ఆ రొట్టెను వాళ్లే పంచుకుని తిన్నారు.

బడి ఎదురింటి అరుగు మీద ఒక అవ్వ చింతపండు కొడుతోంది. పక్కన నల్లటి గింజల కుప్ప. పక్కన కూర్చున్నాను. చిన్నప్పుడు వామనగుంటలు ఆడావా అవ్వా అంటే నవ్వింది. “పెండ్లయినంక గూడ ఆడిన బిడ్డా.” పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు గింజలు. ఎన్ని గింజలు కావాలని అడిగాను. ఆమె గింజలను నాలుగేసి జరుపుతూ పోయింది. పుంజీ, పుంజీ, పుంజీ. నాలుగుకు పుంజీ అని పేరు. ఐదు పుంజీలైతే ఇరవై. పదిహేడు పుంజీలు జరిపి, రెండు గింజలు విడిగా వేసి, “డెబ్బై” అంది. బడి మెట్టు తొక్కలేదట. ఆడుతూ ఏ గుంట నుంచి తీస్తే పంచడం ఎక్కడ ఆగుతుందో చెయ్యి పెట్టకముందే చెప్పగలదట. టీచరమ్మ కూడా మా పక్కకు వచ్చి కూర్చుంది. ఆ వీధిలోనే అద్దెకుంటోంది, కానీ అవ్వతో లెక్కల మాట ఎన్నడూ రాలేదు. “శుక్రవారం బడికి వస్తవా అవ్వా, పిల్లలకు నేర్పుతవా?” అని అడిగింది. “చెప్తే వింటరా మరి?” అంది అవ్వ. అడిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

నాలుగో రోజు మధ్యాహ్నం నా బండి. పొద్దున మళ్లీ మొదటి బడికి వెళ్లాం. హెడ్మాస్టరుగారు ఆ ఐదుగురినీ నా దగ్గర కూర్చోబెట్టి, తాను కూడా కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. నేల మీద సుద్దతో మూడు గళ్లు గీశాను. ఒక గంట పుల్లలు లెక్కపెట్టారు, కట్టలు కట్టారు, విప్పారు, మళ్లీ కట్టారు. నేను ఏమీ చెప్పలేదు, తండా సారు దగ్గర నేర్చుకున్నట్టు అడుగుతూ పోయాను. చివర నూట ఐదు పెట్టమన్నాను. ఆ రెండు జడల పిల్ల మోపును ఎడమ గడిలో పెట్టింది. ఐదు పుల్లలను కుడి గడిలో పెట్టింది. మధ్య గడి వైపు చూస్తూ ఆగిపోయింది.

“ఈడ ఏం లేదు టీచర్.”

“ఏం లేదని ఎట్లా రాస్తావు?”

చాలాసేపు ఆలోచించింది. హెడ్మాస్టరుగారు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పిల్ల మధ్య గడిలో సున్నా చుట్టింది. పలక మీద 105 రాసింది. తర్వాత తనంతట తనే కింద 1005 రాసి, దాన్ని చూస్తూ, “గిది రాయాలంటే శాన పుల్లలు గావాలె” అంది. ఎన్ని మోపులు కావాలన్నాను. వేళ్లు మడిచి “పది” అంది. తండాలో దాన్ని బండి అంటారని చెప్పాను.

మేం లేచేసరికి హెడ్మాస్టరుగారు బీరువా తెరిచి, థర్మకోల్ పెట్టె మీది పాలిథిన్ కవరు తీసి, పెట్టెను పిల్లల ముందు నేల మీద పెట్టారు. సాయంత్రానికి ఒక మూల విరిగే ఉంటుంది. విరగనివ్వండి అన్నాను. ఆ సంచి పుల్లలు అక్కడే వదిలి వచ్చాను.

ఇది చదువుతున్న మీకు ఒక్క మాట. ఊళ్లలో చింతపండు కొట్టే రోజులు వస్తాయి. గింజలను పెంట మీద పోయకండి. ఒక శేరు గింజలు కడిగి, ఎండబెట్టి, మీ దగ్గరి ప్రాథమిక బడికి తీసుకెళ్లి, బీరువాలో పెట్టమని కాకుండా పిల్లల చేతికి ఇమ్మని చెప్పి ఇవ్వండి. మీ ఇంట్లో వామనగుంటలు తెలిసిన అవ్వ ఉంటే ఆమెనూ వెంట తీసుకెళ్లండి.